మాసా మా క్వార్టర్లో ఉన్న వేసవి

రాజ్యశ్రీ ఫోను చేసేసరికి నేను ఫస్టు షిఫ్టు దిగి, బూట్లకు పట్టిన ఎర్రమట్టిని మెట్టు అంచున కొట్టి రాలుస్తున్నాను.

"నాన్నా, మాసా కొత్త సినిమా షూటింగు మీ వైపే. బచేలీ చుట్టుపక్కల నలభై రోజులు. హోటలు జగదల్‌పూర్లో ఇచ్చారు గానీ రోజూ అంత దూరం తిరగడం కష్టం. మీ దగ్గర ఉంటే బాగుంటుందనుకుంటున్నాడు. నేనూ లాస్యా కూడా వస్తాం." చివర్లో, "మీకు ఇబ్బందైతే చెప్పండి," అంది.

కన్నకూతురు తండ్రిని అడగాల్సిన మాట కాదది. అలా అడిగే స్థితి తెచ్చింది నేనే.

"ఇబ్బందేటి, రండి," అన్నాను.

మాసా మా అల్లుడు. సోడి మాసా. కొంటా దాటాక శబరి ఒడ్డున ఉన్న ఒక దొర్ల ఆదివాసుల పల్లె వాడు. జగదల్‌పూర్ కాలేజీలో మా అమ్మాయికి రెండేళ్ళు సీనియరు. మలేరియా గురించి సంతల్లో వీధి నాటకాలు వేసే గుంపులో ఇద్దరూ ఉండేవారు. తొమ్మిదేళ్ళ కిందట రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకుని ఫోన్లో చెప్పారు. నేను బస్తర్ కొండల్లో కిరండూల్ ఇనపగనిలో డంపరు నడిపేవాణ్ణి. మాది విజయనగరం దగ్గర పల్లెటూరు. పెళ్ళి నాకిష్టం లేకపోవడానికి, అడిగినవాళ్ళకి ఒకటే కారణం చెప్పేవాణ్ణి: సినిమాలవాడికి నిలకడ ఉండదని. అసలు కారణం నోటితో ఎన్నడూ అనలేదు. అతను అడవి మనిషి, అతను నలుపు. చుట్టాలెవరైనా అడిగితే "రాజ్యం మొగుడు" అనేవాణ్ణి గానీ అల్లుడు అనేవాణ్ణి కాదు.

నిజానికి అప్పటికే అతను మామూలు నటుడు కాదు. ఢిల్లీలో మూడేళ్ళు నటన చదువుకున్నాడు. ఒక చిన్న హిందీ సినిమాలో, తప్పిపోయిన పిల్లవాణ్ణి వెతుక్కుంటూ ఊరూరూ తిరిగే బడిపంతులుగా వేశాడు. ఆ సినిమా విదేశాలకు పోయింది. పేపర్లో ఫొటో వచ్చింది. ఇక తిరుగులేదనుకున్నాం. తర్వాత వచ్చిన వేషాలు మాత్రం విలన్ వెనకాల నిలబడేవాడు, అడవిలో దారి చూపేవాడు, లారీ క్లీనరు. పదకొండు సినిమాలు చేస్తే టైటిళ్ళలో పేరు పడింది రెండిట్లో. మిగతా వాటిలో "ఆదివాసి ఒకటి", "ఆదివాసి రెండు".

ఈసారి వచ్చింది పెద్ద తెలుగు సినిమా. హీరోకి అన్న వేషం. సినిమా మొదటి నుంచి చివరిదాకా ఉంటాడు. "దీంతో మా బతుకు మారిపోతుంది నాన్నా," అని రాజ్యం అంది.

ఏప్రిల్ రెండోవారంలో ముగ్గురూ దిగారు. లాస్యకి అప్పుడు ఎనిమిదేళ్ళు. ముఖం అచ్చం తండ్రిదే. రంగూ తండ్రిదే. వచ్చిన మర్నాడు పొద్దున్నే మా ఆవిడ గంగారత్నం శనగపిండి, మీగడ, పసుపు కలిపి ఆ పిల్ల చేతులకీ మెడకీ పట్టించి రుద్దడం మొదలుపెట్టింది. మాసా తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వస్తూ గుమ్మంలో ఆగాడు.

"అది దేనికి అత్తా?"

"చెమటకాయలకి బాబూ. ఇక్కడ ఎండలు మండిపోతాయి కదా."

పిల్ల చేతిమీద ఒక్క చెమటకాయ లేదు. అతను చూశాడు. "సరే," అని వెనక్కి వెళ్ళిపోయాడు.

షూటింగు మా క్వార్టరుకు పదిహేను కిలోమీటర్ల దూరంలో, కొండ కింద వేసిన పల్లె సెట్లో. పొద్దున్న జీపు వచ్చి అతన్ని తీసుకుపోయేది, చీకటి పడేలోగా దింపేది. రెండోవారంలో నాకు సెలవు దొరికిన రోజున అందరం క్యారియరు కట్టుకుని చూడ్డానికి వెళ్ళాం.

హీరోగారు గొడుగు కింద కూర్చుని ఉన్నారు. ఆయన ఎర్రగా బుర్రగా ఉండే మనిషి. ఆయన ఒంటినిండా గోధుమరంగు పూయడానికి రోజూ రెండు గంటలు పడుతుందట. మరో పక్క చుట్టుపక్కల పల్లెల నుంచి తెచ్చిన నలభైమంది వరసగా నిలబడ్డారు. మేకప్ కుర్రాళ్ళు వాళ్ళమీద డబ్బాలతో నల్లరంగు కొడుతున్నారు. వాళ్ళలో మంగ్లీ అనే ముసలామె ఉంది, మా టౌన్‌షిప్ బజారుకు చింతపండు తెచ్చి అమ్మే మనిషి. నన్ను చూసి వచ్చీరాని హిందీలో అడిగింది: "సాబ్, ఎండకి నల్లబడ్డది వీళ్ళకి చాలలేదా? ఇది కడిగితే పోతుందా, పోదా?"

"పోద్దిలే," అన్నాను నవ్వుతూ. నాకది తమాషాగానే ఉంది అప్పుడు.

ఆ రోజే ఇంకోటి జరిగింది. గని ఆఫీసులో ప్యూను వేషం కట్టాల్సిన ఆయన వడదెబ్బ తగిలి పడిపోయాడు. ప్రొడక్షన్ మేనేజరు నవీన్‌కుమార్ అక్కడే నిలబడి నా మాట విన్నాడు. "అంకుల్, మీ యాస సూపర్. ఒక్క ముక్క మీరు చెప్పెయ్యండి," అన్నాడు. ముప్పై ఏళ్ళు డంపరు నడిపినవాడికి కెమెరా ముందు నిలబడమంటే ఎలా ఉంటుంది? మంచినీళ్ళు తాగి నిలబడ్డాను. నా ముక్క ఇది: "సదువు లేనోణ్ణి బాబూ, తెలీక సేసీసినాను." అనగానే అందరూ గొల్లున నవ్వారు. "ఇంకొంచెం వంగండి," అన్నాడు డైరెక్టరు. వంగాను. ఇంకోసారి నవ్వారు. నాలుగుసార్లు తీశారు. నేనూ నవ్వాను.

జీపులో ఇంటికి వస్తుంటే ఉండబట్టలేక అడిగాను. "ఎలా సేసేను?"

"మంచిగ చేసిన్రు మామా," అన్నాడు మాసా. బయటికి చూస్తూ, "మీరు ఇంట్ల అట్ల వంగి మాట్లాడంగ ఎప్పుడు చూడలే," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. వీడు నా సంతోషం కూడా ఓర్వలేడనుకున్నాను.

మూడోవారంలో అతని కూతురి వేషం వేసే పాప హైదరాబాదు నుంచి వచ్చింది. పాలలా తెల్లగా, ముద్దుగా ఉంది. ఆ రోజు బడి సెలవులు మొదలైన పిల్లలు చాలామంది వచ్చారు చూడ్డానికి. రాజ్యం, లాస్య, నేను మేకప్ వ్యాను పక్కన నీడలో బల్లమీద కూర్చున్నాం. ఆ పాపని స్టూలు మీద నిలబెట్టి చేతులకీ కాళ్ళకీ ముఖానికీ రంగు పూస్తున్నారు. చక్కిలిగింతలు పుట్టి పాప మెలికలు తిరుగుతోంది. లాస్య బల్ల దిగి దగ్గరికి పోయి నిలబడింది.

"అంకుల్, ఎందుకు పూస్తున్నారు?"

"ఈ పాప సినిమాలో మీ నాన్నకి కూతురమ్మా. మీ నాన్న రంగు రావాలి కదా," అన్నాడు మేకప్ అతను. మంచివాడే, ప్రేమగానే చెప్పాడు.

"నాకూ పూస్తారా?"

"నీకెందుకురా బంగారం. నీకు ఉందిగా."

లాస్య తన చేయి చూసుకుంది, ఆ పాప చేయి చూసింది. "మరి నన్నే తీసుకోవచ్చు కదా?"

బ్రష్షు ఆగిపోయింది. ఆ పిల్ల కోపంగా అడగలేదు, ఏడుస్తూ అడగలేదు. లెక్క తేలక టీచరును అడిగినట్టు అడిగింది. పక్కనే కుర్చీలో కళ్ళు మూసుకుని మాటలు నెమరేసుకుంటున్న మాసా కళ్ళు తెరిచాడు. రాజ్యం గబగబా వెళ్ళి పిల్లని చేయి పట్టుకుని తీసుకొచ్చేసింది. ఎవరో "షాట్ రెడీ" అని కేకేశారు.

మాసా లేచి వెళ్ళి నటించాడు. కాలిపోతున్న పల్లెలోంచి ఆ పాపని భుజాన వేసుకుని పరుగెత్తే సీను. ఆరుసార్లు పరుగెత్తాడు. ఎక్కడా లోపం చెయ్యలేదు. ఇంటికి వచ్చాక చూస్తే అతని సొంత తెల్లచొక్కా భుజంమీద చిన్న చేతులు రెండూ ముదురు గోధుమరంగులో అచ్చుపడి ఉన్నాయి. ప్యాకప్ అయ్యాక ఆ పాప సరదాగా మళ్ళీ ఎక్కి కూర్చుందట.

గంగారత్నం ఆ చొక్కాని పెరట్లో రాయిమీద సబ్బుపెట్టి ఉతికింది, నిమ్మకాయ రుద్దింది, మళ్ళీ ఉతికింది. "ఏటండీ ఇది, ఎంత రుద్దినా పోదు," అంది నాకేసి చూడకుండా. మర్నాడు పొద్దున్న స్నానాల గదిలో శనగపిండి గిన్నె కనపడలేదు.

ఆ పొద్దున్నే మాసా పెరట్లో మామిడిమొక్క దగ్గర నిలబడి ఫోను కెమెరా వైపు చూస్తూ మూడు నిమిషాలు మాట్లాడి, ఆ వీడియో నెట్లో పెట్టాడు. వంటింటి కిటికీలోంచి నాకంతా వినపడుతూనే ఉంది. సినిమా పేరు చెప్పలేదు, ఎవరినీ తిట్టలేదు. పదేళ్ళుగా తనకు వచ్చిన పాత్రల కాగితాలు ఒక్కొక్కటే తీసి చదివాడు. "పాత్ర: ఆదివాసి నాయకుడు. కావలసినది: చామనఛాయ, ఆకర్షణీయమైన ముఖం. పాత్ర: నాయకుడి అనుచరులు. కావలసినది: నల్లగా, మోటుగా, చూడగానే భయం వెయ్యాలి." చదవడం అయ్యాక అన్నాడు: "మేం మంచోళ్ళమైనప్పుడు మా మొహం పనికిరాదు. దొంగలమైనప్పుడు పనికొస్తది. నిన్న నా బిడ్డ ఒక మాట అడిగింది. నాకు జవాబు రాలె. మీకెవరికన్న వస్తే చెప్పండ్రి." లాస్య అడిగిన మాట చెప్పి ఆపేశాడు.

సాయంత్రానికి ఆ మూడు నిమిషాలు ఎక్కడెక్కడికో పోయాయి. జార్ఖండు నుంచి ఒకమ్మాయి, ఒడిశా నుంచి ఒకాయన, అరకు నుంచి ఒక కుర్రాడు, అందరూ నటులే, తమకొచ్చిన కాగితాలు తాము చదివి పెట్టారు. మెచ్చుకున్నవాళ్ళు చాలామంది. తిట్టినవాళ్ళు అంతకు రెండింతలు. బొగ్గుముద్ద అన్నారు, తిండి పెట్టిన చేతిని కరిచాడన్నారు. అవి చదివి రాజ్యం ఫోను పక్కన పడేసేది. రెండోనాటికి కొత్త రకం మాటలు మొదలయ్యాయి. "వీడిది నటన కాదు. వీడు నిజంగానే లోపలివాడు. ఇప్పుడెక్కడున్నాడో చూడండి, బస్తర్లో."

వేరే ఊళ్ళో అయితే అది వెక్కిరింత. మా దగ్గర కాదు. మా వైపు 'లోపల' అంటే అడవి, లోపలివాళ్ళంటే తుపాకులవాళ్ళు. ఆ మాట ఒకడిమీద పడిందంటే ఇటు పోలీసుల నుంచి ఏం వస్తుందో అటు అడవి నుంచి ఏం వస్తుందో ఎవరూ చెప్పలేరు.

మూడోరోజు షిఫ్టు బస్సులో వెనకసీటు నుంచి ఒకడు అరిచాడు: "పైడిరాజు భాయ్, దామాద్ అందర్ వాలా హై క్యా?" మీ అల్లుడు లోపలివాడా అని. నవ్వుతూనే అన్నాడు. బస్సులో ఇంకెవరూ నవ్వలేదు. నా పక్కన ఇరవై ఏళ్ళుగా కూర్చునే మనిషి ఆ రోజు కిటికీవైపు ముఖం తిప్పుకుని కూర్చున్నాడు.

ఇంటికొచ్చేసరికి గంగారత్నం గేటు దగ్గరే నిలబడి ఉంది. "మోటర్‌సైకిలు మీద ఇద్దరొచ్చేరండీ. మాసా బాబు పూర్తిపేరు అడిగేరు, ఏ ఊరని అడిగేరు. ఎవరు బాబూ మీరంటే సెప్పలేదు. మన క్వార్టరు నంబరు ఫొటో తీసుకుని ఎల్లిపోనారు."

"నువ్వేటి సెప్పేవు?"

"పేరు సెప్పీసినానండీ. భయమేసి సెప్పీసినాను."

ఆ రోజు నుంచి కిటికీలు మూసే ఉంచాం. మే నెల ఎండలో, కూలరు తడిగాలి కొడుతుంటే ఇల్లంతా ఉక్కపోత. బయట బండి ఆగిన చప్పుడైతే చాలు, మాట్లాడుతున్నవాళ్ళం ఆగిపోయేవాళ్ళం. లాస్యని వీధిలోకి పంపలేదు. షూటింగు నుంచి జీపు రావడం మానేసింది. మాసా పొద్దున్నే లేచి స్నానం చేసి, చొక్కా తొడుక్కుని, పిలుపు వస్తుందేమోనని ముందుగదిలో కూర్చునేవాడు.

శుక్రవారం నవీన్‌కుమార్ వచ్చాడు. మాసాతో కాదు, నాతో మాట్లాడాలన్నాడు. బయట కారు దగ్గర నిలబడి మాట్లాడాం.

"అంకుల్, అతనంటే మాకు గౌరవమే. హీరోగారు కూడా పెద్ద మనసుతో ఉన్నారు. ఒక్క నిమిషం వీడియో, అంతే. తెలియక మాట్లాడాను, క్షమించండి అనాలి. సోమవారం నుంచి మళ్ళీ షూటింగు." గొంతు తగ్గించాడు. "లేకపోతే ఆ వేషం వేరేవాళ్ళతో తీసుకుంటాం. అది సరే. కానీ ఈ ఏరియాలో ఇలాంటి మాటలు ఎవరు ఎలా అర్థం చేసుకుంటారో మీకు నేను చెప్పాలా? ఇంట్లో చిన్నపాప ఉంది. మీకు సర్వీసు ఇంకా ఏడాది ఉన్నట్టుంది."

బెదిరించినట్టు లేదు. బెదిరించలేదనీ చెప్పలేను. "ఆదివారం పదింటికి రండి," అన్నాను.

సాయంత్రం మాసా వెనకవైపు మెట్టుమీద కూర్చుని లాస్యకి మామిడిపండు చెక్కుతీసి పెడుతున్నాడు. లాస్యని లోపలికి పంపి పక్కన కూర్చున్నాను. తొమ్మిదేళ్ళలో అంత దగ్గరగా కూర్చోవడం అదే మొదలు.

"బాబూ, నువ్వన్నది తప్పని నేననడం లేదు. కానీ మనం ఉన్న చోటు అలాంటిది. ఒక్క మాట అనీసి బయటపడిపో."

అతను చాకు తుడిచి పక్కన పెట్టాడు. "ఏంది మామా, మీకు భయమైతుందా?"

"అవుతంది."

"నాకూ అయితుంది." టెంక తీసి మామిడిమొక్క మొదట్లోకి విసిరాడు. "మా ఊళ్ళె అయితే చెప్పకపోదును. ఇది మీ ఇల్లు. నా వల్ల మీకు రావద్దు. మీరు చెప్పమంటే చెప్త."

గుమ్మంలో రాజ్యం నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. "తొమ్మిదేళ్ళలో మీరు అతన్ని అడిగిన మొదటి సాయం ఇది నాన్నా," అంది. లోపలికి వెళ్ళిపోయింది.



ఆదివారం చెప్పిన వేళకే వచ్చారు. నవీన్‌కుమార్, కెమెరా పట్టుకున్న ఒకతను, మేకప్ అతను. ముందుగదిలో కుర్చీ జరిపి, గోడమీది క్యాలెండరు తీసేసి, కిటికీకి అడ్డంగా దుప్పటి కట్టారు. మాసా ఆకుపచ్చ చొక్కా తొడుక్కుని వచ్చి కూర్చున్నాడు. పక్కన ఇంకో కుర్చీ వేసి, "అంకుల్ కూడా కూర్చోండి, పెద్దవాళ్ళుంటే బాగుంటుంది," అన్నాడు నవీన్‌కుమార్. కూర్చున్నాను. గంగారత్నం వంటింటి తలుపు పట్టుకుని నిలబడింది. లాస్య ఆవిడ కొంగు వెనకాల ఉంది.

మేకప్ అతను పెట్టె తెరిచి స్పాంజి తీశాడు. "కొంచెం టచప్ సార్. లైటుకి మరీ డల్‌గా పడుతుంది."

"వద్దు," అన్నాడు మాసా.

నవీన్‌కుమార్ అచ్చువేసిన కాగితం అతనికిచ్చాడు. అతను చదివాడు. ఇంకోసారి చదివి నావైపు చూశాడు. ఇదేనా నన్ను చెప్పమన్నది అన్నట్టు. నేను చెయ్యి చాపితే కాగితం నా చేతిలో పెట్టాడు. కళ్ళజోడు పెట్టుకుని చదివాను.

"నేను చదువు సంధ్యలు తక్కువైన వెనకబడిన ప్రాంతం నుంచి వచ్చినవాణ్ణి. లోకజ్ఞానం లేక, తెలియక మాట్లాడాను..."

అక్కడ ఆగిపోయాను. వంగమన్నప్పుడు వంగి నేనన్న ముక్కే అది. అక్కడ నలుగురూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇక్కడ ఎవరూ నవ్వడం లేదు. అంతే తేడా.

"ఇక్కడ తెలీక అని రాసేరు బాబూ," అన్నాను.

"ఆ... అలా ఉంటే జనం సానుభూతిగా తీసుకుంటారు అంకుల్."

"ఏటి తెలీదు ఈడికి?"

నవీన్‌కుమార్‌కి అర్థం కాలేదు. "అంటే?"

"నాలుగు బాసలొచ్చు. ఢిల్లీలో సదువుకున్నాడు. ఆరుసార్లు పరిగెత్తమంటే పరిగెత్తీడు. మా అల్లుడికి తెలీనిదేటో సెప్పండి, అదే రాసి సదివిద్దాం."

కెమెరా అతను తల దించుకున్నాడు. నవీన్‌కుమార్ నవ్వబోయి మానుకున్నాడు. "అంకుల్, మీరే రమ్మన్నారు. బయట ఎలా ఉందో మీకు తెలుసు."

"తెలుసు." కాగితం నాలుగు మడతలు పెట్టి అతని చేతికిచ్చాను. "రత్నం, టీ పెట్టు. తాగీసి ఎల్తారు."

టీ తాగకుండానే వెళ్ళిపోయారు. దుప్పటి అలాగే వదిలేశారు. రాజ్యం వచ్చి దాన్ని విప్పింది. ఒక్కసారిగా ఎండ గదిలోకి పడింది. మాసా లేవకుండా అలాగే మోకాళ్ళమీద మోచేతులు ఆనించుకుని కూర్చున్నాడు. పెద్ద వేషం పోయింది. అతనికి అలాంటిది మళ్ళీ వస్తుందో రాదో. కాసేపయ్యాక భుజాలు కదలడం చూశాను. లాస్య వెళ్ళి అతని వీపుమీద పడుకుంది.

ఆ తర్వాత ఏదో అయిపోతుందని పదిహేను రోజులు భయపడ్డాం. మోటర్‌సైకిలువాళ్ళు మళ్ళీ ఒకసారి గేటు దాకా వచ్చి వెళ్ళిపోయారు. ఈసారి గేటు దగ్గర నేను నిలబడ్డాను. "సోడి మాసా, మా అల్లుడు. లోపలున్నాడు, రమ్మంటారా?" అని హిందీలో అడిగాను. బండి వెనక్కి తిప్పుకున్నారు. వాళ్ళెవరో ఇప్పటికీ తెలియదు. బస్సులో నా పక్క మనిషి మరో నెలకి గానీ నాతో మాట్లాడలేదు. మంగ్లీ మాత్రం చింతపండు గంప దించి, మాసాని చూసి ఏమీ అడక్కుండా లాస్య చేతిలో గుప్పెడు తునికిపళ్ళు పోసి పోయింది.

మాసా వేషాన్ని వేరొకాయనతో మళ్ళీ తీశారు. ఆయనకు ఒంటినిండా రంగు పూయాల్సి వచ్చిందని విన్నాం. నా ప్యూను ముక్క మాత్రం సినిమాలో ఉంచారట. హాల్లో జనం బాగా నవ్వారని మా తమ్ముడు విజయనగరం నుంచి ఫోను చేశాడు. నేను చూడలేదు.

ఆ మే నెలలోనే జార్ఖండు అమ్మాయి, అరకు కుర్రాడు, మరో ఐదుగురు మాసాతో రోజూ ఫోన్లో కూడి మాట్లాడేవారు. మా పెరట్లోనే ఒక కాగితం తయారైంది. వేరేవాళ్ళకు రంగు పూసి ఆదివాసుల్ని చెయ్యొద్దని, వేషాలకి నంబర్లు కాదు పేర్లు పెట్టమని, మమ్మల్ని డాక్టర్ల వేషాలకీ పంతుళ్ళ వేషాలకీ కూడా పిలవమని. ఎనిమిదిమంది సంతకాలు చేశారు. ఇప్పుడు రెండువందల మంది దాటారట. దానివల్ల లోకం మారిపోయిందని చెప్పలేను. మాసాకి ఏడాదిన్నర పని రాలేదు. జగదల్‌పూర్లో పిల్లలకి నటన నేర్పుతూ గడిపాడు. తర్వాత ఒక మరాఠీ సినిమాలో పోస్టుమాస్టరు వేషం వచ్చింది.

ఆ ఏడాది జూన్ చివర్లో మొదటి వానలు పడ్డాక వాళ్ళు తిరుగుప్రయాణమయ్యారు. ముందు తన ఊరు పోయి తల్లిని చూసి వెళ్తానన్నాడు మాసా. "మీరూ రండి మామా," అన్నాడు. అంతకుముందు ఎన్నిసార్లు పిలిచాడో, నేనెన్ని షిఫ్టులు అడ్డం చెప్పానో నాకు తెలుసు. గంగారత్నం అప్పటికే చీరలు సర్దుతోంది.

సుక్మా మీదుగా కొంటా చేరేసరికి మధ్యాహ్నమైంది. అక్కడి నుంచి ఆటోలో, ఆపైన బురదలో నడిచి ఊరు చేరాం. మాసా తల్లి పేరు కోసి. మమ్మల్ని చూసి వాకిట్లో రోకలి పక్కన పెట్టి నిలబడింది. చిన్న మనిషి, నెరిసిన జుట్టు, కొడుకు కళ్ళు.

"ఏంది, తోవ ఎరుకైందా ఇన్నేండ్లకు?" అంది నన్ను చూసి.

"ఎరుకైంది వదినా," అన్నాను.

కాళ్ళకు నీళ్ళిచ్చింది. అందరూ లోపలికి పోయాక నేను, ఆమె అరుగుమీద మిగిలాం. వాన సన్నగా మళ్ళీ మొదలైంది. ఆమె శబరి వైపు చూస్తూ, లోపలికి వినపడకుండా అడిగింది.

"నువ్వు కండ్లతోని చూసినవంట గద సినిమా తీసుడు."

"చూసేను."

"నేను మూడు చూసిన. కొంటాల, పెద్ద తెర మీద. మూడిట్లనూ కాల్చి సంపిన్రు వాన్ని. నెత్తురుల పండుకోబెట్టిన్రు. ఉత్తదే అని నాకు ఎరికె. గాని ఈ పక్క ఊళ్ళల్ల అట్ల పండినోళ్ళను చూసిన కండ్లు గదా ఇవి. నాలుగోది చూడలే." చీర కొంగు వేళ్ళకు చుట్టుకుంది. "ఈ పెద్ద సినిమాల గూడ నా కొడుకు సస్తడా?"

"లేదు వదినా. ఇందులో నీ కొడుకు లేడు."

"లేడా?"

"తీసీసేరు."

ఆమె రెండు చేతులూ మోకాళ్ళమీద ఆనించి లేచింది.

"అయితే బతికిండు," అంటూ అన్నం వండడానికి లోపలికి పోయింది.